చేతులు చూడకుండా కీపర్‌ను ఎట్లా ఎంచుతారు?

2021 నవంబరు 27. కాన్పూర్ గ్రీన్ పార్కులో న్యూజిలాండ్‌తో టెస్టు, మూడో రోజు. మెడ పట్టేయడంతో వృద్ధిమాన్ సాహా డ్రెస్సింగ్ రూములోనే ఉండిపోయాడు. అతని బదులు గ్లోవ్స్ తొడుక్కుని దిగింది విశాఖపట్నం పిల్లగాడు కోన శ్రీకర్ భరత్. అప్పటికి ఒక్క టెస్టూ ఆడి ఎరగడు. న్యూజిలాండ్ ఓపెనర్లు ఇద్దరూ ముందురోజు నుంచీ పాతుకుపోయి ఉన్నారు. పిచ్ చూస్తే బంతి మోకాలు దాటి లేవనని మొరాయిస్తోంది. అశ్విన్ వేసిన ఒక బంతి విల్ యంగ్ బ్యాట్ అంచును తాకీ తాకనట్టు తాకి కిందికి దిగింది. భరత్ నేలకు జానెడు ఎత్తులో పట్టేశాడు. అంపైర్ ఔట్ కాదన్నాడు. భరత్ ఊరుకోలేదు, కెప్టెన్ రహానేను ఒప్పించి రివ్యూ తీయించాడు. 89 పరుగుల దగ్గర యంగ్ ఇంటిదారి పట్టాడు. తర్వాత అక్షర్ పటేల్ బౌలింగ్‌లో రాస్ టేలర్ క్యాచ్. ఆ తర్వాత 95 దగ్గరున్న టామ్ లాథమ్ ముందుకొచ్చి తప్పితే, కింద కిందే వచ్చిన బంతిని అందుకుని బెయిల్స్ ఎగరగొట్టాడు.

ఇప్పుడు స్కోరుకార్డు తీసి చూడండి. ఆ మూడు వికెట్ల దగ్గరా 'సబ్' అని ఉంటుంది, పక్కన బ్రాకెట్లో పేరు. ఆ పట్టినవేవీ భరత్ టెస్టు లెక్కలోకి రావు. సబ్‌స్టిట్యూట్ పట్టిన క్యాచ్ ఏ ఫీల్డర్ ఖాతాలోనూ పడదు, నియమం అంతే. నియమంతో నాకు పేచీ లేదు. ఆ మూడు వికెట్లను చూసి అబ్బా అన్నవాళ్ళలో చాలామంది, రెండేళ్ళు తిరక్కుండానే అదే పిల్లగాడి గురించి 'పరుగులు ఎక్కడ?' అని అడిగారు. పేచీ అక్కడ.

నేను బెల్లంపల్లిలో పుట్టినవాణ్ణి. మా నాయన బొగ్గుబాయిలో పని చేసేవాడు. తిలక్ స్టేడియంలో బొగ్గు కంపెనీ వాళ్ళు ఆడుతుంటే బౌండరీ అవతల నుంచి బంతులు ఏరిచ్చి, వాళ్ళ వెంట తిరిగి, చివరికి వాళ్ళతోనే కీపింగ్ చేశాను. తర్వాత పీఈటీ ఉద్యోగం వచ్చింది. గోదావరికి అటు ఆదిలాబాద్ వైపూ, ఇటు కరీంనగర్ వైపూ జిల్లా పరిషత్ బడుల్లో పిల్లలతో పరుగులు పెట్టించి రిటైర్ అయ్యాను. నా కుడిచేతి చిటికెనవేలు నేటికీ సక్కగా ముడుచుకోదు. ఉప్మా తింటున్నప్పుడు తప్ప దాంతో ఇబ్బంది లేదు.

మా దిక్కు కీపర్ ఎట్లా తయారవుతాడో చెప్తాను. తయారు కాడు, మిగిలిపోతాడు. బ్యాటింగ్ బాగా వచ్చినోడు బ్యాటు పట్టుకుంటాడు. బలంగా విసిరేటోడు బౌలింగ్ అందుకుంటాడు. బ్యాట్ తెచ్చినోడు కెప్టెన్. అందరికంటే చిన్నోడో, కొత్తగా కాలనీకి వచ్చినోడో వికెట్ల వెనక నిలబడాలి. మనుషులు తక్కువైతే రెండు జట్లకూ ఒకడే కామన్ కీపర్. ఇంకా తక్కువైతే గోడే కీపర్. ఇక ఎండాకాలం టోర్నీలు. నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీలు, టెన్నిస్ బాల్, మైకులో కామెంట్రీ, వేలల్లో బహుమతి. టెన్నిస్ బాల్‌కు కీపర్ పదిహేను అడుగులు వెనక నిలబడి ఎగిరే బంతిని అందుకుంటే చాలు. స్టంప్స్‌కు ఆనుకుని నిలబడాల్సిన పనే రాదు. ఆఖర్న బెస్ట్ బ్యాట్స్‌మన్‌కు కప్పు, బెస్ట్ బౌలర్‌కు కప్పు, మ్యాన్ ఆఫ్ ద సిరీస్‌కు కూలరో సైకిలో. బెస్ట్ కీపర్ కప్పు నేను చూసిన టోర్నీల్లో ఒక్కదాంట్లోనూ కనబడలేదు. అడిగితే ఒక నిర్వాహకుడు, 'కీపర్‌కు ఏమిస్తం సార్, ఆయన పట్టిందంతా బౌలర్ ఖాతానే గదా' అన్నాడు. మాట నిజమే, అందుకే మండింది.

అసలు కీపింగ్ అంటే ఏమిటో నాకు నేర్పింది కోచ్ కాదు. బాయిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఒక కాకా. ఆఫ్ స్పిన్ వేసేవాడు. నైట్ షిఫ్ట్ దిగి, ఇంటికి పోయి మొహం కడుక్కుని, నేరుగా మ్యాట్ దగ్గరికి వచ్చేవాడు. కొబ్బరినార మ్యాట్ మీద ఆయన బంతి పాములా తిరిగేది. నేను వెనక్కి జరిగితే ఒప్పుకునేవాడు కాదు. 'ముందుకు రా, స్టంప్‌కు ముక్కు తగలాలె' అనేవాడు. మొదట్లో బంతి పడకముందే లేచేవాణ్ణి. భయం. బ్యాట్ ఊగుతుంటే కళ్ళు మూసుకుపోయేవి. కాకా సూత్రం ఒక్కటే: బంతి పడేదాకా గొంతుకూర్చునే ఉండు, అది లేచినంతే నువ్వు లేవు. ఒక్క వేలు ఎత్తు ముందు లేచినా కిందికి వచ్చే బంతి కాళ్ళ మధ్య నుంచి పోతుంది. ఇది చెప్పడం తేలిక. తొడలు కాలిపోతుంటే, మే నెల ఎండలో రామగుండం దిక్కు నుంచి వడగాలి కొడుతుంటే, రోజంతా అట్లా కూర్చుని లేవడం వేరే సంగతి.

లెగ్ సైడ్ స్టంపింగ్ ఇంకా కష్టం. బ్యాట్స్‌మన్ ఒళ్ళు అడ్డం వచ్చి బంతి కళ్ళకు కనబడకుండా పోతుంది. అర సెకను కూడా ఉండదు. ఆ గుడ్డి క్షణంలో చేతులు ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండాలి. బౌలర్ మణికట్టు చూసి, బంతి పడ్డ జాగ చూసి, కాళ్ళు అటు జరగాలి. చేతులు బంతికి ఎదురు పోకూడదు, బంతితో పాటు కొంచెం వెనక్కి రావాలి, లేకపోతే తగిలి ఎగిరిపోతుంది. కాన్పూర్‌లో లాథమ్ స్టంపింగ్‌ను నాలుగైదుసార్లు తిప్పి తిప్పి చూశాను. బంతి దాదాపు నేలబారుగా వచ్చింది. భరత్ తొందరపడి లేవలేదు, అదే అక్కడి విద్య. మా కాకా ఉంటే ముక్కు సంగతి మళ్ళీ ఎత్తేవాడు.

మన తెలుగు గడ్డ నుంచి టెస్టు ఆడిన కీపర్ల చరిత్ర చూస్తే ఒక వరస కనబడుతుంది. 1971లో వెస్టిండీస్ పర్యటన. మనం వాళ్ళను సిరీస్‌లో ఓడించడం అదే మొదలు. గావస్కర్ కొట్టిన 774 పరుగులు నా ఈడు వాళ్ళందరికీ కంఠతా వచ్చు. వెంకట్రాఘవన్ ఆ సిరీస్‌లో 22 వికెట్లు తీశాడు. అటు బేడీ, ప్రసన్న. ఈ ముగ్గురి స్పిన్‌కూ ఐదు టెస్టుల్లోనూ వెనక గొంతుకూర్చున్నది ఎవరంటే జనం నోరు తెరుస్తారు. హైదరాబాద్ పిల్లగాడు పోచయ్య కృష్ణమూర్తి. ఫరూఖ్ ఇంజనీర్ అప్పుడు లాంకషైర్‌లో ఆడుతూ మన దేశవాళీకి రాలేదు కాబట్టి కృష్ణమూర్తికి అవకాశం వచ్చింది. ఐదు టెస్టుల్లో ఆయన మొత్తం 33 పరుగులు చేశాడు. తర్వాత ఇంగ్లాండ్‌లో ఇంజనీర్ తిరిగొచ్చాడు. కృష్ణమూర్తికి మళ్ళీ ఇంకో టెస్టు దక్కలేదు. 1999లో కన్నుమూశాడు. ఇంజనీర్ మంచి కీపరే, బ్యాటింగ్ అంతకంటే మంచిది, దాన్ని కాదనను. కానీ చరిత్రాత్మకమైన సిరీస్‌ను మొత్తం చేతులతో మోసిన మనిషి పేరు మీద హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ఏ స్టాండ్ ఉందో ఎవరైనా చూపించండి.

1999లో గుంటూరు నుంచి ఎమ్మెస్కే ప్రసాద్ వచ్చాడు. ఆరు టెస్టులు, 106 పరుగులు, మళ్ళీ అదే కథ. తర్వాత భరత్. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద 308 కొట్టి, రంజీల్లో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి కీపర్ అయినవాడు. 2023లో నాగ్‌పూర్‌లో ఆస్ట్రేలియా మీద మొదటి టెస్టు, ఆ ఏడాదే ఓవల్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్, 2024 ఫిబ్రవరిలో సొంతూరు విశాఖలో ఇంగ్లాండ్‌తో టెస్టు. ఆ తర్వాతి రాజ్‌కోట్ టెస్టుకు ధ్రువ్ జురెల్ వచ్చాడు. ఏడు టెస్టుల్లో భరత్ చేసింది 221 పరుగులు, అత్యధికం 44. ఈ అంకెలు చెప్పి తీర్పు ఇచ్చేశారు. ఆ ఏడు టెస్టుల్లో గిరగిర తిరిగిన పిచ్‌ల మీద అశ్విన్‌కూ, జడేజాకూ, అక్షర్‌కూ ఆనుకుని నిలబడి ఎన్ని బంతులు పట్టాడో, ఎన్ని పోనిచ్చాడో లెక్క చెప్పమంటే చెప్పేవాళ్ళు లేరు.

ఇంకో పేరు ఉంది. ఇబ్రహీం ఖలీల్. 2011 నవంబరులో గువాహటిలో అస్సాంతో హైదరాబాద్ ఆడిన రంజీ మ్యాచ్. ఖలీల్ 11 క్యాచ్‌లు, 3 స్టంపింగ్‌లు. మొత్తం 14. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అప్పటిదాకా ప్రపంచ రికార్డు జింబాబ్వే వాడు వేన్ జేమ్స్ పేరున 13 ఉండేది. లోకంలో ఎవడూ చేయని పని హైదరాబాద్ వాడు చేశాడు. ఎన్ని హైస్కూళ్ళలో జనరల్ నాలెడ్జ్ క్విజ్‌లు పెట్టించానో, ఏ పిల్లగాడూ ఈ పేరు చెప్పింది లేదు. ప్రశ్న తయారుచేసే సార్లకే తెలియదు. ఖలీల్ భారత్‌కు ఆడలేదు. తర్వాత అమెరికాకు పోయి ఆ దేశం జట్టుకు ఆడాడు.

ఇక్కడ నన్ను ఆపి, 'పంత్ సంగతి ఏమిటి?' అంటారు. తెలుసు. 2021 జనవరిలో ఆస్ట్రేలియా మీద గబ్బాలో రిషభ్ పంత్ 89 నాటౌట్ లేకపోతే ఆ సిరీస్ మనది కాదు. అట్లాంటి బ్యాట్ దొరికితే కొన్ని బైలు, రెండు క్యాచ్‌లు పోయినా జట్టు లాభంలోనే ఉంటుంది. దేశం జట్టు స్థాయిలో ఈ బేరం సబబే. 2019 అక్టోబరులో సౌతాఫ్రికా మీద విశాఖ టెస్టుకు పంత్‌ను కూర్చోబెట్టి సాహాను ఆడించారు. తిరిగే పిచ్ మీద చేతులు ముఖ్యమని కోహ్లీ బహిరంగంగానే చెప్పాడు. ఇంట్లో ఒకడు, బయట ఒకడు. ఈ తెలివి నాకు నచ్చుతుంది.

నా గొడవ పై స్థాయితో కాదు. పైవాళ్ళ బేరాన్ని పన్నెండేళ్ళ పిల్లల దగ్గరికి తెచ్చి పెట్టడంతో. కొన్నేళ్ళ కింద మా దిక్కు ఒక అండర్-16 ఎంపికకు, ఉట్నూరు దగ్గరి ఆశ్రమ పాఠశాల నుంచి ఒక పిల్లగాణ్ణి వెంట తీసుకుపోయాను. ఏ జిల్లాదో, ఎవరు చేశారో ఇక్కడ అనవసరం, ఎక్కడైనా ఇదే తంతు. వాడి చేతులు మెత్తగా ఉండేవి. ఎంత వేగంగా వేసినా గ్లోవ్స్‌లో బంతి పడ్డ చప్పుడు వచ్చేది కాదు. అది కీపర్‌కు పుట్టుకతో రావాలి. వాడి వంతు వచ్చింది. 'ఏం చేస్తవ్?' 'కీపింగ్ సార్.' 'అది సరే, బ్యాటింగ్ వస్తదా?' 'కొంచెం వస్తది సార్.' నెట్స్‌లో ఆరు బంతులు వేయించారు. రెండు తగిలాయి, ఒకటి బౌల్డ్. తర్వాతి పేరు పిలిచారు. వాడు తెచ్చుకున్న గ్లోవ్స్ బ్యాగులోంచి బయటికి కూడా రాలేదు. జట్టుకు ఎంపికైన కీపర్ మంచి బ్యాట్స్‌మన్. స్పిన్నర్‌కు కూడా ఫస్ట్ స్లిప్ కంటే వెనక నిలబడేవాడు. మా వాడు తర్వాత కబడ్డీకి పోయాడు, కార్నర్‌లో నిలబడి కాళ్ళు పట్టే క్యాచర్ అయ్యాడు. వచ్చిన రైడర్‌ను వదిలిపెట్టడని ఆ చుట్టుపక్కల పేరు తెచ్చుకున్నాడు. సంతోషమే. కానీ ఆ చేతులు క్రికెట్‌వి.

బౌలింగ్ పరీక్ష పెట్టకుండా బౌలర్‌ను ఎంచుతారా? బ్యాట్ ఇవ్వకుండా ఓపెనర్‌ను ఎంచుతారా? కీపర్‌ను మాత్రం కీపింగ్ చూడకుండా ఎంచుతారు. ఎందుకో నాకు తెలుసు. పరుగులు కాగితం మీద ఉంటాయి. సెలెక్టర్‌ను రేపు ఎవరైనా నిలదీస్తే చూపించడానికి పనికొస్తాయి. చేతులు కాగితం మీద ఉండవు. చూడగలిగినవాడు కూర్చుని చూడాలి, తర్వాత తన మాట మీద నిలబడాలి. ఆ రెండింటికీ ఓపిక కావాలి.

నా దగ్గర చదువుకున్న ఒకడు డాలస్‌లో ఉన్నాడు. కరీంనగర్ నుంచి సగం ఊరు అక్కడే ఉందంటారు కదా. ఆ మధ్య ఫోన్ చేసి, 'సార్, ఇక్కడ బేస్‌బాల్ జూసిన. మీ లెక్క గొంతుకూర్చునేటోళ్ళున్నరు. వాళ్ళకు బంగారు గ్లోవ్ ఇస్తరు సార్' అన్నాడు. వీడియోలు పంపించాడు. అప్పటిదాకా నాకు బేస్‌బాల్ అంటే సినిమాల్లో అమెరికా పిల్లలు ఆడుకునేది. చూడటం మొదలుపెట్టాక వదల్లేదు.

బేస్‌బాల్‌లో కీపర్‌ను క్యాచర్ అంటారు. మొహానికి జాలీ, ఛాతీకి కవచం, మోకాళ్ళకు గార్డులు, ఒక్క చేతికి లావుపాటి తోలు గ్లోవ్. మ్యాచ్ అంతా గొంతుకూర్చుని ఏ బంతి వేయాలో పిచర్‌కు సైగ చేస్తాడు. ప్రత్యర్థి ఒకడు బేస్ దొంగిలించడానికి పరుగెత్తితే, కూర్చున్నవాడు లేచి, 127 అడుగుల అవతలున్న రెండో బేస్‌కు విసరాలి. పట్టిన క్షణం నుంచి అక్కడికి చేరేదాకా రెండు సెకన్ల లోపే. డాలస్ వాళ్ళ జట్టు టెక్సస్ రేంజర్స్‌కు వరసగా పన్నెండేళ్ళు ఆడిన ఐవాన్ రోడ్రిగెజ్ అట్లా పరుగెత్తినవాళ్ళలో నూటికి 45 మందికి పైగా ఔట్ చేశాడు. 13 సార్లు గోల్డ్ గ్లోవ్ గెలిచాడు. క్యాచర్లలో అంతకంటే ఎక్కువ ఎవరికీ లేవు. అంతకుముందు తరంలో జానీ బెంచ్ వరసగా పదేళ్ళు, 1968 నుంచి 1977 దాకా గెలిచాడు. ఈ గోల్డ్ గ్లోవ్ 1957 నుంచీ ఉంది. ఎన్ని పరుగులు కొట్టావన్నదాంతో నిమిత్తం లేకుండా, ఎంత బాగా పట్టావన్నదానికే ఇచ్చే బహుమానం. మన దగ్గర అట్లాంటిది ఒకటి చెప్పండి.

నన్ను పట్టి ఆపింది మాత్రం యాడియర్ మొలీనా. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకు 2004 నుంచి 2022 దాకా పంతొమ్మిది సీజన్లు, వేరే జట్టు మొహం చూడకుండా ఆడాడు. తొమ్మిది గోల్డ్ గ్లోవ్‌లు. మూడో సీజన్‌లో, అంటే 2006లో, అతని బ్యాటింగ్ సగటు .216. వెయ్యిసార్లు బ్యాట్ పట్టుకుని నిలబడితే 216 సార్లు హిట్టు కొట్టినట్టు. ఆ ఆటలో దాన్ని సిగ్గుపడే అంకె అంటారు. జట్టు అతన్ని తీసెయ్యలేదు. అదే ఏడాది లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో న్యూయార్క్ మెట్స్ మీద, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, గెలిపించిన హోమ్ రన్ కొట్టింది ఈ .216 వాడే. కార్డినల్స్ ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది. 2011లో మళ్ళీ గెలిచింది. 2012లో మొలీనా సగటు .315, 2013లో .319. చేతుల కోసం నిలబెట్టినవాడు, నిలబడి బ్యాటింగ్ నేర్చుకున్నాడు. భరత్‌కు ఇచ్చింది ఏడు టెస్టులు. కృష్ణమూర్తికి ఐదు.

రోడ్రిగెజ్, మొలీనా ఇద్దరూ పోర్టోరీకో వాళ్ళు. బెనీటో సాంటియాగో, శాండీ అలోమార్ జూనియర్, హావీ లోపెజ్, హోర్హే పొసాడా, వీళ్ళందరూ అక్కడ పుట్టిన క్యాచర్లే. మొలీనా ఇద్దరు అన్నలు కూడా క్యాచర్లే, ముగ్గురికీ వరల్డ్ సిరీస్ ఉంగరాలున్నాయి. సముద్రం మధ్య ఆ దీవి జనాభా 2020 లెక్కల్లో 33 లక్షల లోపు. మన పాత కరీంనగర్ ఒక్క జిల్లా జనాభా 2011లోనే 37 లక్షల పైచిలుకు. పాత ఆదిలాబాద్ ఇంకో 27 లక్షలు. 2016లో ఈ రెండింటినీ కోసి బోలెడు జిల్లాలు చేసుకున్నాం, కలెక్టరేట్లు కట్టుకున్నాం. స్పిన్నర్‌కు ఆనుకుని కీపింగ్ చేయడం నేర్చుకునే మంచి టర్ఫ్ వికెట్ ఎన్నిచోట్ల వేసుకున్నాం? పోర్టోరీకోలో గాలిలో ఏదో ఉందని నేననుకోను. పెద్ద క్యాచర్లు ఇంటి పక్కనే కనబడితే చిన్న పిల్లలకు ఆ స్థానం మీద మోజు పుడుతుంది. నేర్పేవాళ్ళు దొరుకుతారు. మా దగ్గర కీపర్ స్థానం మీద మోజు పడ్డ పిల్లగాణ్ణి ఇంట్లో వాళ్ళే, 'ముందు బ్యాటింగ్ నేర్చుకో' అని దారి మళ్ళిస్తారు. వాళ్ళను తప్పు పట్టలేం, సెలెక్షన్ చూసే అంటున్నారు.

ఆంధ్ర వైపు ఇద్దరు టెస్టు కీపర్లు వచ్చారు, ఒకరు గుంటూరు, ఒకరు విశాఖ. విజయవాడ దిక్కు నుంచి ఆటో డ్రైవర్ కూతురు రావి కల్పన 2015లో మన ఆడపిల్లల జట్టుకు కీపింగ్ చేసింది. వీళ్ళకు వాళ్ళ ఊళ్ళోనో, దగ్గర్లోనో ఆట దొరికింది. భరత్ చిన్నప్పుడు విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు బాల్ బాయ్‌గా బౌండరీ దగ్గర ఉన్నాడు. మన దగ్గర అన్నీ హైదరాబాద్‌లోనే. భద్రాచలం పిల్ల గొంగడి త్రిష ఈ మధ్య అండర్-19 ప్రపంచ కప్పులో మ్యాన్ ఆఫ్ ద సిరీస్ లాంటి బహుమానం గెలిస్తే మురిసిపోయాం. ఆ పిల్ల ఆట కోసం కుటుంబమే ఊరు విడిచి సికింద్రాబాద్‌కు తరలిపోయిందని చెప్పుకోవడం మాత్రం మరిచిపోతాం. తండ్రికి అంత తెగువ ఉంటే సరే. బీడీలు చుట్టే ఇంటి నుంచీ, సాంచాలు నడిపే ఇంటి నుంచీ వచ్చిన పిల్లగాడు సిరిసిల్ల నుంచి ఉప్పల్‌కు రోజూ ఎట్లా పోతాడు? కరీంనగర్‌లో అంబేడ్కర్ స్టేడియం ఉంది, ఆదిలాబాద్‌లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఉంది. పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్ళతో రెండూ కిటకిటలాడుతుంటాయి. వాకింగ్ మంచిదే, నాకూ షుగర్ ఉంది. ఆ జాగలో రెండు టర్ఫ్ పిచ్‌లు వేసి నీళ్ళు పెట్టి రోలర్ తిప్పే మనిషిని జీతమిచ్చి పెట్టుకుంటే వాకింగ్‌కు ఏ అడ్డమూ రాదు.

టర్ఫ్‌కు డబ్బు కావాలి, సంఘాల పెద్దలు కదలాలి, ఒప్పుకుంటాను. కాణీ ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. అండర్-14, అండర్-16 ఎంపికలో కీపర్లను విడిగా పిలవండి. మ్యాట్ మీదైనా సరే, ఒక ఆఫ్ స్పిన్నర్‌తో, ఒక లెగ్ స్పిన్నర్‌తో నాలుగేసి ఓవర్లు వేయించండి. కీపర్‌ను ఆనుకుని నిలబెట్టండి. పట్టినవి, పోనిచ్చినవి రాయండి. బ్యాటింగ్ ఆ తర్వాత చూడండి, చూడొద్దని ఎవరన్నారు?

స్కోరు పుస్తకం సంగతి కూడా అంతే. బేస్‌బాల్‌లో బంతి వెనక్కి పోతే, తప్పు క్యాచర్‌దా పిచర్‌దా అని స్కోరర్ తేల్చి రెండు వేరు వేరు పేర్లతో రాస్తాడు. మన బైలు మాత్రం ఎవరి వల్ల వచ్చినా కీపర్ నెత్తినే. బౌలర్ లెగ్ స్టంప్ బయట మోకాళ్ళ కింద వేసిన బంతి, కీపర్ ఈదినా అందనిది, అదీ బై. ఇటు కీపర్ చేతిలోంచి జారిన స్టంపింగ్ మాత్రం స్కోరులో ఎక్కడా ఉండదు, చుక్క బంతిగా మాయమవుతుంది. మంచి కీపర్‌కు చెడ్డపేరు, చెడ్డ కీపర్‌కు దొంగ మంచిపేరు. ఎంత బాగుంది!

ఈ ఎండాకాలం నన్ను పిలిచిన ఒక టోర్నీలో స్కోరు పుస్తకంలో కీపర్‌కు అదనంగా గడులు గీయించాను. పోయిన క్యాచ్, పోయిన స్టంపింగ్, కీపర్ తప్పుతో పోయిన బై, బౌలర్ తప్పుతో పోయిన బై. మొదటి మ్యాచ్‌కే లొల్లి. ఎడమచేతి స్పిన్నర్ ఒకడు వచ్చి, 'సార్, ఆ ఏడో ఓవర్ల స్టంపింగ్ పోయింది, మీరు రాయలే' అన్నాడు. కీపర్ వెనకనే వచ్చాడు. 'అది కాలు మీద పడ్డది సార్, నాకు బంతే కనబడలే. బై గూడ ఆయన ఖాతల రాయుండ్రి.' ఇద్దరూ బ్యాట్ తెచ్చి, బంతి తెచ్చి, ఎక్కడ పడింది, ఎట్లా తిరిగింది అని మ్యాట్ మీద చూపించుకోవడం మొదలుపెట్టారు. చుట్టూ పదిమంది మూగారు. కామెంట్రీ చెప్పే పిల్లగాడు మైకు వదిలేసి వచ్చాడు. తర్వాతి మ్యాచ్ అర్ధగంట ఆలస్యమైంది. నిర్వాహకులు నామీద గుర్రుగా ఉన్నారు. వచ్చే ఏడాది పిలుస్తారో లేదో తెలియదు. పిలిస్తే మాత్రం గడులు ఇంకా రెండు పెంచుతాను, బెస్ట్ కీపర్‌కు కప్పు నేనే కొనిస్తాను.